పాత స్పోర్ట్స్ కారుకి కాయిలోవర్లు: ఏ సెట్ ఎవరికి నప్పుతుంది, ఇంట్లో బిగించుకోవడానికి ఏది నయం

పాతికేళ్లు దాటిన స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లకి మొదటి నెలంతా ఇంజిన్ మీద మోజు. రెండో నెల నుంచి చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఉన్న ఖాళీ కంట్లో నలుసులా గుచ్చుతుంది. పిడికిలి పట్టేంత ఖాళీ. అక్కడి నుంచి కాయిలోవర్ల, అంటే ఎత్తు మార్చుకోగల షాక్-స్ప్రింగ్ సెట్ల, వేట మొదలు. ఆ వేటలో ఎవరైనా ముందు అడిగేది 'ఇది ఎంత కిందికి దిగుతుంది?' అనే. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. దిగడానికేం, ఏ సెట్ అయినా దిగుతుంది. దిగాక షాక్ రాడ్ లోపలికి వెళ్లడానికి ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయన్నదాన్ని బట్టే ఆ కారు రోడ్డుని పట్టుకుని పోతుందో, కప్పలా గెంతుతుందో తేలుతుంది.

నా 1992 మాజ్దా ఎమ్‌ఎక్స్-5 కింద ఇప్పటికి మూడు సెట్లు మారాయి. మూడూ నేనే, ఇంటి దగ్గరే, జాక్ స్టాండ్ల మీద కారు నిలబెట్టి బిగించాను. మొదటిది శుద్ధ దండగ. రెండోది ఫర్వాలేదు. మూడోది ఇప్పటికీ ఉంది. ఆ అనుభవంతో రాస్తున్నాను కాబట్టి నా ఇష్టాయిష్టాలు ఇందులో దాగవు.

ముందు చక్రం విప్పి చూడండి

కాయిలోవర్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగ్, ఆ స్ప్రింగ్‌ని కింద మోసే పళ్లెం, ఆ పళ్లెం పైకీ కిందికీ జరగడానికి షాక్ ఒంటి మీద మరలు. అంతే. అయితే మీ కారు తయారైనప్పుడు స్ప్రింగ్‌ని ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. దాన్ని బట్టే ఇది ఒక శని, ఆదివారాల్లో తేలిపోయే పనా, వెల్డింగ్ దాకా పోయే పనా అన్నది తెలుస్తుంది.

ఎమ్‌ఎక్స్-5లో నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్ములు పట్టే అమరిక. షాక్ మీదే స్ప్రింగ్ కంపెనీ నుంచే ఉంటుంది. పాతది విప్పు, కొత్తది పెట్టు. నిస్సాన్ ఎస్13లో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకే స్తంభంలా నిలబడి చక్రాన్ని పట్టే అమరిక), వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని చాలా ఆర్ములు పట్టే అమరిక). అక్కడా స్ప్రింగ్, షాక్ కలిసే ఉంటాయి కాబట్టి పని సూటిగానే సాగుతుంది.

టొయోటా ఏఈ86 దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ముందు స్ట్రట్ గొట్టం, చక్రం తిరిగే స్పిండిల్ రెండూ ఒకే ముక్క. చాలా కిట్లకి పాత గొట్టాన్ని కోసి, కొత్త మరల గొట్టాన్ని వెల్డ్ చేయాలి. డాట్సన్ 240జెడ్‌దీ అదే తంతు. చక్రం మొత్తం ఆ అతుకు మీదే ఆధారపడుతుంది కాబట్టి, వెల్డింగ్ మీ రోజువారీ పని కాకపోతే దాన్ని చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి. విప్పడం, బిగించడం మీరు చేసుకున్నా ఆ ఒక్కటీ వాళ్లచేతే చేయించండి.

పోర్షె 944కి వెనక కాయిల్ స్ప్రింగే లేదు, టార్షన్ బార్లు, అంటే మెలి తిరుగుతూ స్ప్రింగ్‌లా పనిచేసే ఉక్కు కడ్డీలు, ఉంటాయి. 1989 వరకు వచ్చిన పాత తరం 911కి ముందూ వెనకా అవే. ఈ కార్లకి కాయిలోవర్ అంటే సస్పెన్షన్ పనిచేసే పద్ధతినే మార్చడం. టార్షన్ బార్‌ని ఉంచి దానికి తోడుగా స్ప్రింగ్ వేసే కిట్లు ఉన్నాయి, బార్‌ని తీసేసే కిట్లూ ఉన్నాయి. రెండో రకంలో వెనక బరువంతా షాక్ బిగించిన చోటుకి చేరుతుంది. ఆ చోటు అంత బరువు మోయగలదా అన్నది తేలకుండా ముందుకు పోవద్దు.

ఇదే గొడవ బీఎమ్‌డబ్ల్యూ ఈ36లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముందు స్ట్రట్ మామూలే. వెనక మాత్రం స్ప్రింగ్ ఒకచోట, షాక్ ఇంకోచోట. దీనికి రెండు రకాల వెనక సెట్లు దొరుకుతాయి. ఒకటి స్ప్రింగ్‌ని పాత చోటే ఉంచి, దాని కింద ఎత్తు సర్దుకునే ముక్క పెడుతుంది. రెండోది స్ప్రింగ్‌ని తెచ్చి షాక్ మీద ఎక్కిస్తుంది. 'అసలైన కాయిలోవర్' అని గొప్పగా అమ్మేది దీన్నే. కానీ ఆ షాక్ పైన బిగిసే రేకు కుదుపుల్ని ఆపడానికి తయారైంది. కారు వెనక బరువు మోయడం దాని పని కాదు. ఈ36 వెనక షాక్ మౌంట్లు మామూలు షాకులతోనే పాడవుతాయని ఆ కారు ఓనర్లందరికీ తెలుసు. దాని మీద స్ప్రింగ్ బరువు కూడా పెడితే రేకు చిరిగినా ఆశ్చర్యం లేదు. రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్లు వేసి, ట్రాక్ కోసమే కారు తయారుచేసేవాళ్లు రెండో రకానికి వెళ్తారు, వాళ్ల లెక్క వాళ్లది. రోడ్డు మీద తిరిగే ఈ36కి మొదటి రకమే కొనండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఏ దారిలో ఏముంది

చాలామంది కాయిలోవర్లని కాయిలోవర్లతోనే పోల్చుకుంటారు. అసలు పోలిక ఇంకా కింది మెట్టు నుంచి మొదలవ్వాలి. పాత కారు ఊగడానికీ, మూలమలుపులో వాలిపోవడానికీ సగం కారణం ఎండిపోయిన బుష్‌లు (ఆర్ముల కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగులు), చచ్చిపోయిన షాకులు. కంపెనీ ఎత్తులోనే కొత్త షాకులు, కొత్త టాప్ మౌంట్లు (షాక్ పైకొసని కారుకి పట్టే ముక్కలు), కొత్త బుష్‌లు వేస్తే 'ఇది నా కారేనా' అనిపిస్తుంది. ఎప్పుడైనా అదే మోడల్‌లో బుష్‌లన్నీ కొత్తగా ఉన్న కారుని నడిపి చూడండి. దాని తర్వాత కూడా కాయిలోవర్లు కావాలనిపిస్తే అప్పుడు కొనండి. అయితే ఎక్కువమందికి ఎలాగూ కావాలనే అనిపిస్తుంది, నాకూ అనిపించింది.

దాని తర్వాతి మెట్టు మంచి షాకులు, కాస్త పొట్టి స్ప్రింగులు. బిల్‌స్టైన్ బీ8 గానీ, పసుపు రంగు కోనీలు గానీ, వాటికి సరిపోయే లోయరింగ్ స్ప్రింగులు. కారు 20 నుంచి 30 మి.మీ. దిగుతుంది, అక్కడితో ఆగుతుంది. ఎత్తు మార్చుకోలేరు. ఎత్తుతో రోజూ ఆడుకునే అలవాటు లేనివాళ్లకి అది లోటేమీ కాదు, ఒక తలనొప్పి తగ్గినట్టు. బీ8ని దించిన కార్ల కోసమే పొట్టిగా చేస్తారు, బీ6 కంపెనీ ఎత్తుకి. ఈ రెండింటినీ కలగలిపి కొనేసినవాళ్లు ఉన్నారు, పార్ట్ నంబర్ రెండుసార్లు చూసుకోండి. రోజూ ఆఫీసుకి అదే కారులో వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ దారే.

మూడోది స్లీవ్ కిట్. మీ షాక్ ఒంటి మీద తొడిగే మరల గొట్టం, దాని మీద స్ప్రింగ్. ఇందులో మంచీ ఉంది, చెడ్డా ఉంది, రెంటి మధ్య దూరం చాలా ఎక్కువ. కోనీ లాంటి మంచి షాక్ మీద గ్రౌండ్ కంట్రోల్ లాంటి స్లీవ్ వేసి, షాక్‌కి తగ్గ స్ప్రింగ్ ఎంచుకుంటే చాలా కాయిలోవర్లని మించిన సెటప్ అవుతుంది. అదే స్లీవ్‌ని లక్ష కిలోమీటర్లు తిరిగిన కంపెనీ షాక్ మీద తొడిగితే గోరుచుట్టు మీద రోకటిపోటే. స్ప్రింగ్ గట్టిపడింది, దాన్ని అదుపు చేయాల్సిన షాక్‌లో శక్తి లేదు, పైగా కారు దిగడంతో ఉన్న కాస్త ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే జాగా, కూడా పోయింది. ప్రతి గతుకూ నేరుగా బంప్ స్టాప్‌కే (షాక్ పూర్తిగా మూసుకోకుండా ఆపే రబ్బరు దిమ్మెకే) తగులుతుంది. నా మొదటి సెట్ ఇదే. దాంతో ఏడాది తిప్పానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

నాలుగోది ఎత్తు ఒక్కటే మార్చుకునే పూర్తి కాయిలోవర్. బిల్‌స్టైన్ బీ14, కేడబ్ల్యూ వేరియంట్ 1 ఈ కోవలోవి. డ్యాంపింగ్‌కి, అంటే ఊగుడుని ఆపే షాక్ పట్టుకి, నాబ్ ఉండదు. స్ప్రింగ్‌కి తగ్గట్టు షాక్ లోపలి వాల్వులని తయారుచేసినవాళ్లే సెట్ చేసి పంపుతారు. ఇంట్లో బిగించుకునేవాళ్లకి ఇది పెద్ద వరం, ఎందుకంటే మీరు తప్పు చేయగలిగే చోట్లు తగ్గిపోయాయి.

ఐదోది అందరి కంటా పడేది: రంగురంగుల కాలర్లు (పళ్లేన్ని ఎత్తులో పట్టి ఉంచే మర రింగులు), పైన 30 క్లిక్కుల నాబ్, అడుగున పొడవు మార్చుకునే బ్రాకెట్. బీసీ రేసింగ్, టెయిన్ లాంటి పేర్లు ఇక్కడ వినిపిస్తాయి. ఇందులో నాణ్యమైనవీ ఉన్నాయి, పైన పటారం లోన లొటారం సరుకూ ఉంది. రెండింటికీ బయటి నుంచి చూస్తే తేడా తెలీదు.

ఆరోది, కేడబ్ల్యూ వేరియంట్ 3, ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్ లాంటి పైమెట్టు సరుకు. వేరియంట్ 3లో షాక్ మూసుకునేటప్పుడు, తెరుచుకునేటప్పుడు వచ్చే నిరోధాన్ని విడివిడిగా మార్చుకోవచ్చు. మీరు ట్రాక్‌కి వెళ్లి, టైర్ ఒత్తిడి రాసుకుని, ఒక్కోసారి ఒక్కో మార్పే చేసి చూసే ఓపిక ఉన్నవాళ్లయితే ఇవి మీకోసమే. ఆ ఓపిక లేకపోతే ఆ నాబులు మొదటి వారం తిరిగి, తర్వాత దుమ్ము పట్టి ఉంటాయి.

స్ప్రింగ్ నంబరు చూసి మోసపోకండి

ఎవరి సెట్ గురించి మాట్లాడినా 'నాది 8 కేజీ, వాడిది 10 కేజీ' అనే మాటే. 8 కేజీ అంటే ఆ స్ప్రింగ్‌ని 1 మి.మీ. నొక్కడానికి 8 కేజీల బరువు కావాలని. కొన్ని కంపెనీలు దీన్నే అంగుళానికి ఇన్ని పౌండ్లు అని రాస్తాయి. 56తో గుణిస్తే చాలు: 8 కేజీ అంటే దాదాపు 450 పౌండ్లు.

ఈ నంబరు స్ప్రింగ్‌ది. రోడ్డు మీద మీ నడుముకి తెలిసేది చక్రం దగ్గర పడే గట్టిదనం. డబుల్ విష్‌బోన్‌లో షాక్ కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగుసుకుని ఉంటుంది. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగ్ 7 మి.మీ.యే నొక్కుకుంటుంది అనుకుందాం. అప్పుడు నిష్పత్తి 0.7. దీంతో స్ప్రింగ్ నంబరుని రెండుసార్లు గుణించాలి, ఎందుకంటే ఆర్మ్ లివర్‌లా పనిచేసి కదలికనీ తగ్గిస్తుంది, బలాన్నీ తగ్గిస్తుంది. 8 × 0.7 × 0.7 = 3.9. అంటే చక్రం దగ్గర మీ 8 కేజీ స్ప్రింగ్ విలువ 4 కేజీలు కూడా లేదు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ చక్రం పక్కనే నిలబడుతుంది, నిష్పత్తి 0.95 దాకా ఉంటుంది. అదే 8 కేజీ స్ప్రింగ్ అక్కడ 7.2 అవుతుంది. ఒకే నంబరు, దాదాపు రెట్టింపు గట్టిదనం. ఎమ్‌ఎక్స్-5 వాళ్ల మాట విని ఈ36 ముందు స్ప్రింగులు ఎంచుకుంటే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు.

దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తే కొనే ముందే కారు ఎలా నడుస్తుందో కొంత ఊహించవచ్చు. ఒక్కో మూల స్ప్రింగ్ మీద పడే కారు బరువు 220 కేజీలు అనుకోండి. చక్రం దగ్గర 3.9 ఉంటే కారు సెకనుకి సుమారు 2.1 సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. 5 కేజీ స్ప్రింగ్ వేస్తే 1.7. స్ట్రట్ మీద 8 వేస్తే 2.8 దాటుతుంది. మామూలు ఫ్యామిలీ కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. రోడ్డు మీద సుఖంగా భరించగలిగే స్పోర్ట్స్ సెటప్ 1.5 నుంచి 2. 2 దాటితే ట్రాక్ కారు లక్షణాలు మొదలైనట్టే. నా రెండో సెట్ 2.1 దగ్గర ఉండేది. నున్నటి రోడ్డు మీద అద్భుతం, అతుకుల రోడ్డు మీద పక్క సీట్లో ఎవరూ రెండోసారి కూర్చోలేదు.

ప్రీలోడ్ గురించి ఒక అపోహ ఎంత చెప్పినా పోదు. పళ్లెం పైకి తిప్పి స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కితే సస్పెన్షన్ గట్టిపడుతుందని అనుకుంటారు. లీనియర్ స్ప్రింగ్ (ఎంత నొక్కినా ఒకే గట్టిదనం ఉండేది) అయితే, కారు బరువు ఆ ప్రీలోడ్‌ని దాటినంతసేపూ గట్టిదనం మారదు. మారేది ట్రావెల్ ఎటు పంచుకుందన్నది. పైన చెప్పిన కారే తీసుకోండి. 220 కేజీల మూల బరువు లివర్ వల్ల స్ప్రింగ్ మీద 314 కేజీలై పడుతుంది. 8 కేజీ స్ప్రింగ్ 39 మి.మీ. నొక్కుకుంటుంది. చక్రం దగ్గర లెక్కేస్తే 56 మి.మీ. గుంతలోకి చక్రం దిగడానికి మీకున్న జాగా అది. పళ్లెం 10 మి.మీ. పైకి తిప్పారా, కారు చక్రం దగ్గర 14 మి.మీ. లేస్తుంది, గుంతలోకి దిగే జాగా 42కి తగ్గుతుంది, పైకి నొక్కుకునే జాగా అంతే పెరుగుతుంది. కిందికి తిప్పితే దీనికి తలకిందులు. కారు దిగుతుంది, బంప్ స్టాప్ దగ్గరవుతుంది.

నాలుగో రకానికీ ఐదో రకానికీ అసలు తేడా ఇక్కడే ఉంది, నాబులో కాదు. ఐదో రకంలో అడుగు బ్రాకెట్‌ని తిప్పి షాక్ పొడవునే తగ్గించవచ్చు కాబట్టి ఎత్తు మారినా ట్రావెల్ పంపకం మారదు. కారుని 40 మి.మీ. పైన దించాలనుకునేవాళ్లకి ఇది నిజంగా అవసరం. 20 మి.మీ. చాలనుకునేవాళ్లకి అవసరం లేదు.

ఎమ్‌ఎక్స్-5 మొదటి తరం, అంటే 1989 నుంచి 1997 దాకా వచ్చిన ఎన్‌ఏ, ట్రావెల్ విషయంలో మహా పిసినారి. దించితే ముందుగా వెనక చక్రాలే బంప్ స్టాప్ మీద కూర్చుంటాయి. తర్వాతి తరం ఎన్‌బీ టాప్ మౌంట్లు వేస్తే కాస్త జాగా కలిసొస్తుంది, అందుకే ఎన్‌ఏ ఓనర్లు అవి వెతికి మరీ వేసుకుంటారు. మీ కారు ఏదైనా సరే, అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: 'మీరు చెప్పిన ఎత్తులో పెడితే బంప్ స్టాప్‌కి ముందు ఎన్ని మిల్లీమీటర్లు మిగులుతాయి?' సూటిగా జవాబిచ్చేవాళ్ల దగ్గరే కొనండి.

నాబుల సంగతి

నా రెండో సెట్‌కి 30 క్లిక్కులు. మొదటి 20 తిప్పితే చప్పుడు తప్ప మార్పేమీ లేదు. మిగతా పదిలో మార్పంతా కుక్కేశారు. ఇంకా ఘోరం, ఎడమ షాక్ 12వ క్లిక్‌లో ఉంటే కుడి షాక్ అదే పట్టు ఇవ్వడానికి 16కి పోవాల్సి వచ్చింది. అది ఎవరు తయారుచేశారన్నది ఇప్పుడు అనవసరం. నేర్చుకున్నదేంటంటే, క్లిక్కులు ఎన్ని అన్నది నాణ్యతకి కొలత కాదు. నాలుగు షాకులకీ డైనో చార్ట్ (ఒక్కో షాక్ ఎంత పట్టు ఇస్తుందో యంత్రం మీద కొలిచిన పట్టిక) ఇస్తారా, సీలు పోతే రీబిల్డ్ చేస్తారా, విడి భాగాలు దొరుకుతాయా అని అడగండి. పాత కారు మోడల్‌కి కిట్ తయారీ ఎప్పుడైనా ఆగిపోవచ్చు. రీబిల్డ్ దారి లేకపోతే ఒక్క సీలు కారినా మొత్తం సెట్ పారేయాల్సిందే.

తుప్పు సంగతి కూడా ఇక్కడే. ఉక్కు మరల మీద అల్యూమినియం కాలర్ ఉంటే, తడి, ఉప్పు తగిలి రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. కేడబ్ల్యూ వాళ్లు స్టెయిన్‌లెస్ ఒళ్లు వాడేది అందుకే. మీ కారు తడిలో తిరిగేదైతే ఇది నాబు కంటే ముఖ్యం. ఏ సెట్ అయినా బిగించే ముందు మరలకి పల్చగా యాంటీ సీజ్ (మరలు కరుచుకోకుండా ఆపే పేస్టు) పూయండి. నా మొదటి సెట్‌లో కుడి వెనక కాలర్ ఏడాది తిరక్కుండానే రాయిలా బిగుసుకుపోయింది. దాంతో 'ఎత్తు మార్చుకునే' సెట్ మూడు మూలలకే మిగిలింది.

ఇంట్లో బిగించడానికి ఏది తేలిక

ఇంట్లో చేసుకునేవాళ్లకి ఎంపికలో ఇంకో కొలత కూడా కలపాలి: పాత స్ప్రింగ్‌ని విప్పాల్సి వస్తుందా? కంపెనీ స్ట్రట్‌లో స్ప్రింగ్ నొక్కి పెట్టి ఉంటుంది. పైన నట్ విప్పాలంటే స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి. అది జారితే స్ప్రింగ్ ముఖం మీదికి వస్తుంది, హాస్యం కాదు. లోయరింగ్ స్ప్రింగులకీ, స్లీవ్ కిట్‌కీ ఇది తప్పదు. టాప్ మౌంట్‌తో సహా వచ్చే పూర్తి కాయిలోవర్‌కి అవసరం లేదు, పాత స్ట్రట్‌ని ఒకే ముక్కగా దించి మూలన పెట్టేయొచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. సెట్‌తో పాటు వచ్చే టాప్ మౌంట్ చాలాసార్లు పిల్లో బాల్ రకం, అంటే రబ్బరు బదులు లోహపు గుండు కీలు ఉన్నది. స్టీరింగ్ తిప్పగానే తేడా తెలుస్తుంది, కొన్నాళ్లకి టకటకమని చప్పుడూ వస్తుంది. రోడ్డు కారుకి రబ్బరు మౌంటే హాయి. బిల్‌స్టైన్, కేడబ్ల్యూ రోడ్డు సెట్లు సాధారణంగా కంపెనీ మౌంట్లనే వాడమంటాయి. పాత మౌంట్ కోసం పాత స్ట్రట్ విప్పే బదులు కొత్త రబ్బరు మౌంట్లు కొని, కొత్త కాయిలోవర్ మీద బల్ల దగ్గర కూర్చుని బిగించుకోండి. కొత్త స్ప్రింగ్ దాదాపు వదులుగానే ఉంటుంది కాబట్టి చాలా సెట్లకి కంప్రెసర్ అక్కర్లేదు. పాతికేళ్ల రబ్బరు మౌంట్‌ని మళ్లీ వాడటంలో అర్థం కూడా లేదు. ఆ నట్ బిగించేటప్పుడు ఇంపాక్ట్ గన్ వాడకండి, రాడ్ గిర్రున తిరిగి సీలు దెబ్బతింటుంది. మెరిసే రాడ్‌ని ప్లయర్‌తో అసలే పట్టుకోకండి.

పాత కారు బోల్టులతో పెనుగులాటకి ముందు రోజు నుంచే సిద్ధపడాలి. కింది షాక్ బోల్ట్ బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. పెనిట్రేటింగ్ ఆయిల్ ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి. యాంటీ రోల్ బార్ (మలుపులో కారు వాలడాన్ని తగ్గించే కడ్డీ) లింకుల నట్ తిరిగేటప్పుడు లోపలి స్టడ్ కూడా తిరుగుతుంది. దాని కొసన ఉన్న అలెన్ కీ రంధ్రం ఒక్క జారుడికే గుండ్రమైపోతుంది. కొత్త లింకులు తెచ్చిపెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. మెక్‌ఫర్సన్ కార్లలో స్ట్రట్‌ని పట్టే బోల్టుల చోటుని విప్పే ముందే పెయింట్‌తో గుర్తు పెట్టండి, అలైన్‌మెంట్ షాపు దాకా నడపడానికైనా క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) పాతదానికి దగ్గర దగ్గరగా ఉంటుంది. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు స్ట్రట్‌కి తగిలించి ఉంటే ముందు వాటిని విప్పండి, హబ్ బరువు వాటి మీద వేలాడకూడదు. జాక్ ఎత్తడానికే, కారు నిలబడాల్సింది స్టాండ్ల మీద. ఇది తెలియనివాళ్లు ఉండరు, పాటించనివాళ్లు ఉన్నారు.

నేను చేసిన అసలు తప్పు వేరే. రెండో సెట్ వేసినప్పుడు కారు గాల్లో ఉండగానే, చక్రాలు కిందికి వేలాడుతుండగానే, ఆర్మ్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో నీట్‌గా బిగించేశాను. కారు దించాక ముందు భాగం అనుకున్నదానికన్నా 12 మి.మీ. ఎత్తులో ఉంది. కాలర్లు తిప్పి సరిచేసుకున్నాను, తెలివైనవాణ్ణి అనుకున్నాను. రెండు నెలలకి కిర్రుమనే చప్పుడు. విప్పి చూస్తే కుడి కింది ఆర్మ్ బుష్ రబ్బరు చుట్టూ చీలిపోయి ఉంది. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్ట్ బిగించగానే కదలకుండా పట్టేసుకుంటుంది, ఆ తర్వాత ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరే మెలి తిరగాలి. గాల్లో బిగిస్తే అది నిలబడి ఉన్నప్పుడు కూడా మెలి తిరిగే ఉంటుంది.

మూడోసారి ఇలా చేశాను. పని మొదలుపెట్టక ముందే ప్రతి చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి మాస్కింగ్ టేపు మీద రాసి ఫెండర్‌కి అంటించాను. ముందు 345 ఉంది, నాకు 325 కావాలి. ఆర్మ్ బోల్టులన్నీ చేతి బిగువుకే వదిలి, కింది ఆర్మ్ కొసన బాల్ జాయింట్ దగ్గర జాక్ పెట్టి, టేపు 325 చూపించేదాకా మెల్లగా లేపాను. కారు స్టాండ్ మీంచి లేవకుండా ఒక కన్నేసి ఉంచాలి. లేచేలా ఉంటే ఆపేసి, చక్రం బిగించి, కారుని ర్యాంపుల మీదికి దించి అక్కడ బిగించడమే మంచిది. ఆ ఎత్తులో బోల్టులు టార్క్ చేశాను. నాలుగు మూలలకీ కలిపి గంట ఎక్కువ పట్టింది. ఆ బుష్‌లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మొదటిసారి నాకు రెండు పూర్తి రోజులు పట్టింది, మూడోసారి ఒక మధ్యాహ్నం, సాయంత్రం.

ఇక ఎవరికి ఏది

రోజూ తిరిగే కారు, అప్పుడప్పుడు కొండ దారి: మంచి షాకులు, లోయరింగ్ స్ప్రింగులు. ఎత్తు కాస్త సర్దుకోవాలనే కోరిక ఉంటే నాబు లేని కాయిలోవర్. నా కారు కింద ఇప్పుడున్నది ఈ నాబు లేని కాయిలోవరే, 20 మి.మీ. దిగి ఉంది. చూసేవాళ్లకి పెద్దగా దిగినట్టు కనిపించదు, నాకు ఫిర్యాదు లేదు.

ఏడాదికి నాలుగైదుసార్లు ట్రాక్‌కి వెళ్తూ, అదే కారుని రోడ్డు మీదా నడిపేవాళ్లు: పొడవు మార్చుకునే ఐదో రకంలో, డైనో చార్ట్ ఇచ్చే కంపెనీది. స్ప్రింగ్ రేటు వాళ్లిచ్చింది తీసుకోకుండా పైన చెప్పిన లెక్క వేసి అడగండి, చాలామంది వేరే రేటు స్ప్రింగులతో పంపుతారు. బరువు తగ్గించిన ట్రాక్ కారుకి ఆరో రకం, లేదా మంచి షాకుల మీద స్లీవ్.

కారు నేలకి ఆనేంత దించాలి, ఫొటోలో బాగుండాలి అంటే మీ ఇష్టం. కానీ మెక్‌ఫర్సన్ కార్లలో ఒక చిక్కు ఉంది. కింది ఆర్మ్ నేలకి సమాంతరంగా ఉన్న దశ దాటి పైకి వాలితే రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) కారు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి పడిపోతుంది. దాంతో గట్టి స్ప్రింగులు వేసినా కారు మలుపులో ముందుకన్నా ఎక్కువ వాలాలని చూస్తుంది. చక్రం లేచినప్పుడల్లా స్టీరింగ్ దానంతట అది కాస్త తిరుగుతుంది. దీనికి రోల్ సెంటర్ అడ్జస్టర్లు ఉన్నాయి, అంటే ఇంకో కొనుగోలు, ఇంకో వారాంతం. చక్రం నేల మీద ఉండగా ఆర్మ్ ఎటు వాలి ఉందో ఒకసారి వంగి చూడండి, ఎంత దించవచ్చో అదే చెబుతుంది.

ఏది వేసినా అలైన్‌మెంట్ ఖర్చు కూడా సెట్ ధరలో కలిపి లెక్కేసుకోండి. ఎత్తు మారితే టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, టో తప్పితే కొత్త టైర్లు కూడా తొందరగా అరుగుతాయి. ఎత్తు మార్చుకునే సెట్ కొన్నవాళ్లు మార్చిన ప్రతిసారీ ఈ ఖర్చు పెట్టుకోవాలి. బిగించిన రోజే పరుగెత్తకండి, స్ప్రింగులు సర్దుకోవడానికి 150, 200 కిలోమీటర్లు తిప్పండి. తర్వాత అదే మాస్కింగ్ టేపు తీసి నాలుగు మూలలూ మళ్లీ కొలవండి, ఎడమ కుడి తేడా ఉంటే సరిచేసి యాంటీ రోల్ బార్ లింకులు ఆ ఎత్తులోనే బిగించండి. హెడ్‌లైట్లు కూడా చూసుకోండి, ముందు భాగం దిగితే వెలుతురు బంపర్ ముందే పడుతుంది. లాక్ కాలర్లని సీ స్పానర్‌తో ఒక్కో పట్టు పట్టి చూడండి. మూడో సెట్ వేసిన వారానికి నాకు ఎడమ ముందుది పావు చుట్టు వదులైంది.